జిడ్డు జుట్టు: ఏ షాంపూ, ఎన్ని రోజులకోసారి, ఏవి మానాలి?

తలస్నానం చేసిన మర్నాటికే జుట్టు నెత్తికి అతుక్కుపోతుంటే చాలామంది మొదట చేసే పని, ‘జిడ్డు జుట్టుకు’ అని రాసి ఉన్న సీసా కొనడం. అది పనిచేయకపోతే ఇంకో సీసా కొంటారు. దానితోనూ కాకపోతే నిమ్మకాయ, వంటసోడా దాకా వెళ్తారు. చాలాసార్లు తప్పు సీసాది కాదు. జిడ్డు అని ఒకే మాటతో పిలిచేస్తాం గానీ అందులో మూడు వేర్వేరు సంగతులున్నాయి. మాడు లోపలి నుంచి ఊరే నూనె మొదటిది. కడిగినా వదలకుండా వెంట్రుకకు పట్టుకుని ఉండే కండిషనర్, సిలికోన్ (నునుపు కోసం కలిపే పదార్థం), తలనూనె, ఉప్పునీటి (కాల్షియం, మెగ్నీషియం ఎక్కువున్న హార్డ్ వాటర్) లవణాల పూత రెండోది. చుండ్రు, దురదతో కలిసి వచ్చే జిడ్డు మూడోది. ఒకదానికి పనికొచ్చేది ఇంకోదానికి పనికిరాదు. కాబట్టి సీసాలు పోల్చే ముందు మీది ఏ జిడ్డో తేల్చుకోవాలి.

ముందు కాగితంతో ఒక పరీక్ష

ఒక్క తలస్నానానికి కండిషనర్, సీరమ్, జెల్, నూనె అన్నీ పక్కన పెట్టి షాంపూతో మాత్రమే కడగండి. జుట్టు పూర్తిగా ఆరాక 6 గంటలకు ఒకసారి, 24 గంటలకు ఒకసారి, 48 గంటలకు ఒకసారి పలచని టిష్యూ కాగితం తీసుకుని నడినెత్తిన ఒకచోట, చెవి వెనక ఒకచోట పాయ విడదీసి 10 సెకన్లు అదమండి. తర్వాత కాగితాన్ని వెలుతురుకు ఎదురుగా పట్టుకోండి. నూనె తగిలిన చోట కాగితం అద్దంలా పారదర్శకంగా అవుతుంది. తడి మచ్చ కాసేపటికి ఆరిపోతుంది, నూనె మచ్చ ఆరదు.

24 గంటలకే మచ్చ స్పష్టంగా కనిపిస్తే మీది నిజంగా నూనె ఎక్కువ ఊరే మాడు. 48 గంటలకు గానీ కనిపించకపోతే మామూలు మాడే. కాగితం శుభ్రంగా ఉండి, జుట్టు మాత్రం ఆరిన దగ్గర్నుంచే బరువుగా, తడి ఇంకా పోనట్టు పాయలు కట్టి ఉంటే అది పూత. లేదా షాంపూ సరిగా వదలలేదు. కాగితానికి పసుపురంగు పొట్టు జిడ్డుగా అంటుకుని వస్తే, దురద కూడా ఉంటే, మూడో రకం.

జిడ్డు ఎక్కడ ఉందో కూడా చూడండి. నుదుటి అంచు, నడినెత్తి ముందుగా జిడ్డెక్కితే అది నూనే. తల వెనక, మెడ పైభాగం మాత్రమే ఎప్పుడూ జిగటగా ఉంటే అనుమానించాల్సింది జాడించే తీరును. తల వెనక భాగాన్ని సరిగా జాడించేవాళ్లు తక్కువ.

రోజూ కడిగితే నూనె ఎక్కువవుతుందా?

వెంట్రుక కుదుళ్ల పక్కనే నూనె గ్రంథులుంటాయి. గ్రంథిలోని కణాలు నూనెతో నిండి, పగిలి, ఆ నూనే పైకి వస్తుంది. ట్రైగ్లిజరైడ్లు, వాటి నుంచి విడిపోయిన కొవ్వు ఆమ్లాలు కలిపి అందులో సగం పైచిలుకు. పావు వంతు దాకా మైనపు ఎస్టర్లు, సుమారు 12 శాతం స్క్వాలీన్ అనే నూనె పదార్థం. గ్రంథి ఎంత నూనె తీయాలో ప్రధానంగా చెప్పేవి ఆండ్రోజెన్ హార్మోన్లు. అందుకే జిడ్డు యుక్తవయసులో మొదలవుతుంది, మగవాళ్లలో ఎక్కువగా కనిపిస్తుంది, ఆడవాళ్లలో నెలసరి ఆగిపోయాక తగ్గుతుంది.

మాడు మీది నూనె తుడిచేశారా ఉంచారా అన్నది కనిపెట్టి ఉత్పత్తిని పెంచుకునే ఏర్పాటు ఈ గ్రంథికి లేదు. కాబట్టి ‘తరచూ కడిగితే గ్రంథి రెచ్చిపోతుంది’ అన్న మాటను, కొన్ని వారాలు తల కడగకుండా జుట్టుకు ‘అలవాటు చేయించడం’ అన్న సలహాను పక్కన పెట్టేయవచ్చు. అలా ఆగినన్నాళ్లూ నూనె తగ్గదు, పేరుకుంటుంది. పేరుకున్న నూనె చుండ్రుకు కారణమయ్యే ఈస్టుకు (ఒక రకం ఫంగస్‌కు) మేత. తరచూ కడగడం వల్ల వచ్చే అసలు ఇబ్బంది వేరే ఉంది: వెంట్రుకల పొడవు, కొసలు పొడిబారతాయి. దాన్ని షాంపూ ఎంపికతో, కండిషనర్‌తో సరిచేసుకోవచ్చు. తలస్నానం మానేయడం దానికి విరుగుడు కాదు.

ఇద్దరికి ఒకే పాళ్లలో నూనె ఊరినా జుట్టు ఒకేలా కనిపించదు. సన్నని, తిన్నని వెంట్రుకల మీద నూనె తేలిగ్గా కిందికి జారుతుంది. సన్నని వెంట్రుకలు బరువుకు వంగి ఒకదానికొకటి అతుక్కుంటాయి కూడా. రింగుల జుట్టులో నూనె మెలికల దగ్గర ఆగిపోతుంది. అందుకే కుదుళ్లు జిడ్డుగా, కొసలు పీచులా ఉంటాయి. ఎన్ని రోజులకోసారి కడగాలన్నది ఇక్కడే తేలుతుంది. సన్నని తిన్నని జుట్టు 24 గంటల్లో జిడ్డెక్కుతుంటే రోజూ, లేదా రోజు విడిచి రోజు. మధ్యరకం లావున్న జుట్టుకు 2, 3 రోజులకోసారి. బాగా రింగులు తిరిగిన జుట్టుకు వారానికి ఒకటి రెండుసార్లు చాలు, అదీ మాడు మీదే దృష్టి పెట్టి. రంగు వేసిన జుట్టుకు తేలికపాటి షాంపూ మంచిదే. అయితే రంగును కరిగించడంలో షాంపూతో పాటు నీళ్లకూ వాటా ఉంది. కాబట్టి షాంపూ మార్చినంత మాత్రాన రంగు నిలిచిపోదు.

చెమట పట్టిన రోజున ప్రతిసారీ షాంపూ అక్కర్లేదు. చెమటలో ఉండేది ఎక్కువగా నీళ్లు, ఉప్పు. నీళ్లతో జాడిస్తే పోతుంది.

షాంపూలు: ముందువైపు కాదు, వెనకవైపు చదవాలి

సీసా ముందువైపు రాసేది ప్రచారం. వెనక పదార్థాల జాబితాలో నీళ్ల తర్వాత వచ్చే రెండు మూడు పేర్లలో అసలు సంగతి ఉంటుంది. నూనెను పట్టి లాగేది అవే.

సోడియం లారిల్ సల్ఫేట్, అమ్మోనియం లారిల్ సల్ఫేట్ ఘాటైనవి. నూనెను పూర్తిగా లాగేస్తాయి, సున్నితమైన మాడును మంటపుట్టించగలవు. సోడియం లారెత్ సల్ఫేట్ పేరు దగ్గరగా ఉన్నా వాటికంటే మెత్తనిది. దానికి తోడు కొకమిడోప్రొపైల్ బీటైన్ ఉంటే ఘాటు ఇంకా తగ్గుతుంది. సోడియం కొకాయిల్ ఐసెథయొనేట్, డెసైల్ గ్లూకోసైడ్, డైసోడియం లారెత్ సల్ఫోసక్సినేట్ ముందు వరుసలో ఉంటే అది తేలికపాటి షాంపూ.

‘సల్ఫేట్ ఫ్రీ’ అన్న మాట దగ్గర ఓ క్షణం ఆగండి. అలాంటి సీసాల్లో కొన్నింటిలో ప్రధాన పదార్థం సోడియం సి14-16 ఒలెఫిన్ సల్ఫొనేట్. పేరులో సల్ఫేట్ లేదు, అంతవరకు నిజమే. నూనెను లాగడంలో మాత్రం అది ఘాటైన సల్ఫేట్ల పక్కన నిలబడేదే. జిడ్డు మాడుకు అది మంచి గుణమే కావచ్చు. మెత్తనిదని నమ్మి, పొడిబారిన కొసలకు రోజూ పట్టిస్తే మాత్రం చిక్కు.

రోజూ లేదా రోజు విడిచి రోజు కడగాల్సిన జిడ్డు మాడుకు లారెత్ సల్ఫేట్, బీటైన్ కలిసి ఉన్న, సిలికోన్ లేని షాంపూ మా మొదటి ఎంపిక. బాగా తేలికపాటివి అంత నూనెను ఒక్క కడుగులో తీయలేవు. తీయలేదని రెండు మూడుసార్లు రుద్దితే మెత్తనిది వాడిన లాభం పోతుంది. మాడు మంటపెడుతుంటేనో, ఎర్రబడుతుంటేనో తేలికపాటిదానికి మారి, రెండు విడతలుగా కడగడం మేలు.

టూ ఇన్ వన్ షాంపూలు, అంటే కండిషనర్ కూడా కలిపినవి, జిడ్డు జుట్టుకు నప్పవు, ముఖ్యంగా సన్నని జుట్టుకు. వాటిని తయారుచేసే తీరే అంత. నీళ్లు పోసి పలచన చేసేటప్పుడు అందులోని డైమెథికోన్ అనే సిలికోన్ వెంట్రుక మీద దిగబడుతుంది. ఒక చేత్తో కడిగి ఇంకో చేత్తో పూత వేసినట్టు. పొడవైన, లావు వెంట్రుకలున్నవాళ్లకు అది సుఖమే. కుదుళ్ల దగ్గర జిడ్డుతో అవస్థ పడేవాళ్లకు కాదు.

పారదర్శకంగా ఉన్న షాంపూ జిడ్డుకు మంచిదని, ముత్యంలా మెరిసేది కాదని ఒక లెక్క చలామణిలో ఉంది. అది ఉజ్జాయింపు మాత్రమే. ఆ మెరుపు చాలాసార్లు మెరుపు కోసమే కలిపే గ్లైకాల్ డైస్టియరేట్ వల్ల వచ్చేది, సిలికోన్ వల్ల కాదు. కాబట్టి రంగు చూసి కాక జాబితా చూసి కొనండి.

క్లారిఫయింగ్ షాంపూ రెండో రకం జిడ్డుకు, అంటే పూతకు మందు. కడిగే పదార్థం ఎక్కువ, మెత్తబరిచేవి దాదాపు ఉండవు. వారానికి లేదా రెండు వారాలకు ఒకసారి చాలు. రోజూ వాడితే కొసలు గడ్డిలా అవుతాయి. అప్పుడు భయపడి కండిషనర్ ఎక్కువ పూస్తారు, పూత మళ్లీ మొదలవుతుంది. మీ ఇంటి నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువుంటే, అంటే కుళాయి చివర తెల్లని చారలు, బకెట్ అడుగున సున్నం పేరుకుంటుంటే, మామూలు క్లారిఫయింగ్ కంటే లవణాలను పట్టి తీసే కీలేటింగ్ షాంపూ సరైనది. జాబితాలో డైసోడియం ఈడీటీఏ (లవణాలను పట్టే పదార్థం) కనిపించగానే అదేననుకోకండి. మామూలు షాంపూల్లో కూడా షాంపూ చెడిపోకుండా ఉండటానికి దాన్ని చిటికెడు వేస్తారు. ఉప్పునీటి కోసమని సీసా మీద విడిగా చెప్పినవాటినే ఎంచుకోండి.

సీసా బదులు బిళ్లగా వచ్చే బార్‌లలో రెండు జాతులున్నాయి. సబ్బు బార్ పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) 9, 10 మధ్య ఉంటుంది, అంటే క్షారం. మాడు పీహెచ్ 5.5 దరిదాపుల్లో, అంటే కాస్త ఆమ్లంగా ఉంటుంది. పైగా ఉప్పునీటితో కలిస్తే సబ్బు తెల్లని జిగురుగా విరిగి వెంట్రుకకు పట్టుకుంటుంది. దాన్ని జిడ్డనుకుని మళ్లీ సబ్బు రుద్దుతారు. షాంపూ బార్ ఆ బాపతు కాదు. పైన చెప్పిన ఐసెథయొనేట్ లాంటివాటితో చేస్తారు, సీసా షాంపూకు ఘనరూపం. పదార్థాల పేర్లలో ‘సోడియం పామేట్’, ‘సోడియం కొకోయేట్’ ముందుంటే అది సబ్బే, పేరేం పెట్టినా సరే.

కుంకుడు, శీకాయ రసాల్లో కడిగే గుణం సాపోనిన్లు అనే సహజ నురగ పదార్థాలది. మాడు నుంచి ఊరిన మామూలు నూనెకు అవి సరిపోతాయి. సిలికోన్ పూతను, దట్టంగా పట్టించిన తలనూనెను ఒక్కసారికి వదిలించలేవు. పొడిని నేరుగా పట్టిస్తే నలకలు పాయల్లో చిక్కుకుని దురద పెడతాయి, వడకట్టిన రసమే వాడాలి. నిల్వ పదార్థాలు ఉండవు కాబట్టి ఏరోజు రసం ఆరోజు తీసుకోవాలి. కంట్లో పడితే షాంపూ కంటే చాలా ఎక్కువ మండుతుంది. షాంపూ లేకుండా కండిషనర్‌తోనే కడిగే పద్ధతి మాత్రం జిడ్డు మాడుకు అసలు పనికిరాదు.

కడగడంలో జరిగే పొరపాట్లు

మంచి షాంపూ కొని సగం నిమిషంలో ముగించేవాళ్లకు ఏ పోలికా ఉపయోగపడదు. గోరువెచ్చని నీళ్లతో జుట్టును నిండా ఒక నిమిషం తడపండి. పొడిగా మిగిలిన చోట షాంపూ పాకదు. పొట్టి జుట్టుకు ఒక టీస్పూను, అంటే 5 మిల్లీలీటర్లు. భుజాల దాకా ఉంటే 8 నుంచి 10. షాంపూను చిన్న గిన్నెలో మూడింతల నీళ్లతో కలిపి పోసుకుంటే కుదుళ్ల దాకా సమంగా చేరుతుంది. కలిపింది ఆ పూటే వాడేయాలి. నీళ్లు కలిపిన షాంపూలో నిల్వ పదార్థం కూడా పలచబడి సూక్ష్మజీవులు పెరుగుతాయి.

వేళ్ల కొసలతో, గోళ్లతో కాదు, నుదుటి అంచు, నడినెత్తి, చెవుల పైన, చెవుల వెనక, మెడ పైభాగం అన్న వరుసలో నిమిషం నుంచి నిమిషంన్నర రుద్దండి. జుట్టంతా నెత్తి మీద ముద్దగా చుట్టి రుద్దితే చిక్కులు పడతాయి, మాడుకు షాంపూ అందదు. పొడవు వెంట్రుకలను విడిగా రుద్దక్కర్లేదు, జారే నురగ చాలు.

మొదటిసారి నురగ రాకపోతే షాంపూ నాసిరకమని కాదు. నూనె నురగను చంపుతుంది. కడిగేసి, మొదటిదానిలో సగం కొలతతో రెండోసారి పెట్టండి. ఈసారి నురగ దండిగా వస్తే మాడు శుభ్రపడినట్టే. రోజూ కడిగేవాళ్లకు ఒక్క విడత సరిపోతుంది. మూడు రోజులకోసారి కడిగేవాళ్లకు, నూనె పట్టించినవాళ్లకు రెండు విడతలు కావాలి.

జాడించడానికి రుద్దినంత కంటే ఎక్కువ సమయం ఇవ్వాలి, 2 నిమిషాలైనా. తల వంచి వెనక భాగం మీద నేరుగా నీళ్లు పడనివ్వండి. వెంట్రుకను వేళ్లతో లాగితే ‘కీచు’మంటే శుభ్రపడిందనే నమ్మకం ఉప్పునీటి దగ్గర మోసం చేస్తుంది. లవణాల పూత ఉన్నా వెంట్రుక అలాగే గరుకుగా కీచుమంటుంది.

కండిషనర్ వాడాలా, మానాలా

పూర్తిగా మానేయడం పొట్టి జుట్టువాళ్లకు చెల్లుతుంది. జుట్టు చెవి కిందికి దిగితే కొసలకు కావాలి. షాంపూ వెంట్రుక మీద రుణావేశాన్ని మిగిల్చి పోతుంది. కండిషనర్‌లోని ధనావేశ పదార్థాలు అక్కడ అతుక్కుని వెంట్రుకను జారుడుగా చేస్తాయి. అదే పని కుదుళ్ల దగ్గర చేస్తే జిడ్డుగా కనిపిస్తుంది. అందుకని చెవి మట్టం నుంచి కిందికే రాయాలి. భుజాల దాకా ఉన్న జుట్టుకు ఒక టీస్పూను మించి అక్కర్లేదు.

ఎంపిక చేసుకునేటప్పుడు జాబితాలో మొదటి ఐదు పేర్లలో షియా బటర్, నూనెలు, డైమెథికోన్ ఉన్నవాటిని వదిలేయండి. సెట్రిమోనియం క్లోరైడ్ ఆధారంగా చేసిన తేలికైనవి సన్నని జుట్టుకు నప్పుతాయి. అవీ బరువనిపిస్తే వరుస తిప్పి చూడండి. తడి జుట్టు కొసలకు ముందు కండిషనర్ పెట్టి 2, 3 నిమిషాలాగి, తర్వాత షాంపూతో కడగడం. సన్నని జిడ్డు జుట్టుకు ఈ పద్ధతి బాగుంటుంది. బ్లీచ్ చేసి దెబ్బతిన్న జుట్టుకు ఇది చాలదు, చిక్కులు తీయడమే కష్టమవుతుంది. కడగకుండా ఉంచేసే లీవిన్ క్రీములు వద్దు. కొసలు మరీ పీచుగా ఉంటే సీరమ్ 2 చుక్కలు అరచేతుల్లో రుద్ది కొసలకు మాత్రమే అద్దండి.

డ్రై షాంపూ: స్ప్రే, పొడి

పేరు షాంపూయే గానీ ఇది కడగదు. పిండిపదార్థం, సిలికా లాంటివి నూనెను పీల్చుకుని జుట్టును విడివిడిగా కనిపించేలా చేస్తాయి. నూనె, పొడి రెండూ తల మీదే ఉంటాయి. ఒక తలస్నానాన్ని ఒక రోజు వాయిదా వేసుకోవడానికి వాడుకోవాలి. వరుసగా రెండు రోజులు మించితే కుదుళ్ల దగ్గర పిండి ముద్దకట్టి దురద మొదలవుతుంది, అది చూసి చుండ్రు అనుకుంటారు.

స్ప్రే సమంగా పడుతుంది, త్వరగా అవుతుంది. అందులో బ్యూటేన్, ప్రొపేన్ లాంటి మండే వాయువులుంటాయి కాబట్టి మంట దగ్గర, వేడి పరికరాల దగ్గర వాడకూడదు. గాలి ఆడే చోటే కొట్టుకోవాలి. 2022 అక్టోబరులో అమెరికా మార్కెట్ నుంచి కొన్ని ఏరోసాల్ డ్రై షాంపూలను బెంజీన్ ఉండే అవకాశం ఉందని వెనక్కి తీసుకున్నారు. ఆ బెడద ఎక్కువగా స్ప్రేను తోసే వాయువుతో ముడిపడినది. పొడి రూపంలో ఉన్నవాటిలో ఆ వాయువు ఉండదు. కాకపోతే చేయి తిరగనివాళ్లు ఒకేచోట కుమ్మరిస్తారు, నల్లని జుట్టు మీద బూడిద రాలినట్టు కనిపిస్తుంది. తరచూ అవసరమయ్యేవాళ్లకు మేం పొడినే చెబుతాం. ముఖాన పూసుకునే టాల్కమ్ పౌడరును దీనికి బదులుగా వాడటం మంచిది కాదు. తల దగ్గర చల్లితే కొంత ఊపిరితో లోపలికి పీల్చేస్తాం. 2024లో టాల్క్‌ను క్యాన్సర్ పరిశోధనల అంతర్జాతీయ సంస్థ ‘బహుశా క్యాన్సర్ కారకం’ అన్న వర్గంలో చేర్చింది.

స్ప్రే అయితే 20 సెంటీమీటర్ల దూరం నుంచి, పాయ తర్వాత పాయ విడదీసి, కుదుళ్ల మీదే. పొడి అయితే ముందు చేతిమీద చిటికెడు వేసుకుని వేళ్లతో అద్దాలి. రెండిటికీ 2 నిమిషాలు ఆగి, వేళ్లతో కదిపి, ఆ తర్వాత దువ్వాలి. ఆగకుండా వెంటనే దువ్వితే పీల్చుకోకముందే రాలిపోతుంది. జుట్టు జిడ్డెక్కాక కంటే, జిడ్డెక్కకముందు రాత్రే కొద్దిగా అద్దుకుంటే తక్కువ పొడితో పని జరుగుతుంది. తడి జుట్టు మీద వేస్తే పేస్టు అవుతుంది.

చుండ్రుతో కలిసిన జిడ్డు

మాడు మీద మలసీజియా అనే ఈస్టు అందరికీ ఉంటుంది. అది నూనెలోని కొవ్వు ఆమ్లాలను తిని బతుకుతుంది. తినగా మిగిలే ఒలీయిక్ ఆమ్లం కొందరి మాడును రేపుతుంది, పొట్టు రాలుతుంది. ఇక్కడ ఎంత ఘాటైన మామూలు షాంపూ అయినా దాన్ని కొద్దిరోజులే ఆపుతుంది. మందు ఉన్న షాంపూ కావాలి.

కీటోకొనజోల్ నేరుగా ఈస్టు మీద పనిచేస్తుంది. 2 శాతం ఉన్నదాన్ని వారానికి 2 సార్లు, 2 నుంచి 4 వారాలు వాడి, తగ్గాక వారానికి లేదా రెండు వారాలకు ఒకసారికి దింపుతారు. జిడ్డు, పసుపు పొట్టు, దురద మూడూ ఉన్నవాళ్లు ముందు దీన్ని ప్రయత్నించడం సబబు. జింక్ పైరిథియోన్ అంతకంటే తేలిక, తక్కువ చుండ్రుకు తరచూ వాడుకోవచ్చు. ఐరోపా సమాఖ్యలో మాత్రం 2022 మార్చి నుంచి సౌందర్య సాధనాల్లో దాన్ని అనుమతించడం లేదు, అక్కడ దాని స్థానంలో ఎక్కువగా పిరోక్టోన్ ఒలమైన్ కనిపిస్తుంది. సెలీనియం సల్ఫైడ్ చుండ్రుకు గట్టిగానే పనిచేస్తుంది. జిడ్డువాళ్లు దాని గురించి తెలుసుకోవాల్సిన సంగతి ఒకటుంది: కొందరిలో అది మాడును ఇంకాస్త జిడ్డుగా చేస్తుంది. లేత రంగు జుట్టు, రంగు వేసిన జుట్టు మరకపడవచ్చు కూడా. పొట్టు దట్టంగా అట్టకట్టి ఉంటే సాలిసిలిక్ ఆమ్లం దాన్ని వదులు చేస్తుంది గానీ ఈస్టును పెద్దగా తగ్గించదు. దాని తర్వాత ఇంకోటి కావాల్సి వస్తుంది.

ఇవి పనిచేయలేదనేవాళ్లలో ఎక్కువమంది చేసే తప్పు, పెట్టిన వెంటనే కడిగేయడం. ముందు మామూలు షాంపూతో నూనె తీసేసి, తర్వాత మందు షాంపూను మాడుకు పట్టించి 3 నుంచి 5 నిమిషాలు ఉంచాలి. గడియారం చూడకపోతే 5 నిమిషాలనుకున్నది ఒక నిమిషమే అవుతుంది.

చిట్కాల సంగతి

వంటసోడా క్షారం. నూనెను కొంత తీస్తుంది గానీ వెంట్రుక పొలుసులను లేపి గరుకు చేస్తుంది, వద్దు. వెనిగర్ నూనెను తీయదు. ఉప్పునీటి పూత మీద కాస్త పనిచేస్తుంది. 5 శాతం వెనిగర్ ఒక వంతుకు నీళ్లు పది వంతులు కలిపి, పోసి, ఒక నిమిషం తర్వాత జాడించేయాలి. నిమ్మరసం మరీ ఆమ్లం, దాన్ని చర్మానికి రాసుకుని ఎండలోకి వెళ్తే బొబ్బలెక్కే ప్రమాదం ఉంది. ముల్తానీ మట్టి నూనెను బాగా పీలుస్తుంది. జుట్టు నుంచి మట్టిని వదిలించడానికి పట్టే శ్రమ చూస్తే పొడవు జుట్టువాళ్లకు గిట్టుబాటు కాదు.

తలకు నూనె పట్టించడం జిడ్డు మాడుకు అవసరం లేదు, అక్కడ నూనెకు కొదవే లేదు. కొసలకైతే ఉపయోగం ఉంది. కొబ్బరినూనె వెంట్రుక లోపలికి ఇంకి, కడిగేటప్పుడు ప్రొటీన్ పోవడాన్ని తగ్గిస్తుంది. మినరల్ ఆయిల్ పైపైనే ఉంటుంది. తలస్నానానికి గంటా రెండు గంటల ముందు చెవి కింది నుంచి కొసలకు రాసి, తర్వాత షాంపూతో కడిగితే చాలు. చుండ్రు ఉన్నప్పుడు మాడుకు ఆలివ్ నూనె పట్టించడం మరీ తప్పు. దాన్నిండా ఉన్నది ఆ ఒలీయిక్ ఆమ్లమే.

దువ్వెన గురించి ఒక్క మాట: వారానికోసారి దాన్ని కూడా షాంపూ నీళ్లలో నానబెట్టి కడగకపోతే పాత నూనెను కడిగిన జుట్టుకే తిరిగి పూస్తుంటారు. దిండు గలీబుకూ ఇదే వర్తిస్తుంది.

మార్చేటప్పుడు, ఆగాల్సినప్పుడు

కాగితం పరీక్షలో పూత అని తేలితే ఒక్క క్లారిఫయింగ్ కడుగుతోనే తేడా కనిపించాలి, కనిపించకపోతే నీళ్లను అనుమానించండి. నూనె అని తేలితే షాంపూ ఒక్కటే మార్చి 2 వారాలు చూడండి. షాంపూ, కండిషనర్, కడిగే రోజులు మూడూ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు. మందు షాంపూకు 4 వారాలివ్వండి. అప్పటికీ పొట్టు, ఎరుపు తగ్గకపోతే చర్మవ్యాధి నిపుణుల దగ్గరికి వెళ్లాలి. సొరియాసిస్ కూడా మొదట్లో ఇలాగే కనిపిస్తుంది.

జిడ్డు నెలల వ్యవధిలో ఉన్నట్టుండి పెరిగి, దానితో పాటు నెలసరి తప్పడం, గడ్డం మీద మొటిమలు, ముఖాన ముదురు వెంట్రుకలు కనిపిస్తుంటే అది షాంపూతో తేలే విషయం కాదు. పీసీఓఎస్ లాంటి హార్మోన్ కారణాలు ఉన్నాయేమో చూడటానికి రక్తపరీక్షలు కావాలి. నూనె ఉత్పత్తినే తగ్గించే మందులున్నాయి. ఐసోట్రెటినోయిన్ అందులో బలమైనది. గర్భంలోని బిడ్డకు తీవ్రమైన లోపాలు తెచ్చిపెట్టగలదు కాబట్టి డాక్టరు పర్యవేక్షణ లేకుండా దాని జోలికి పోకూడదు. కేవలం జుట్టు జిడ్డుగా ఉందని దాన్ని మామూలుగా రాయరు.